ఏరియా కాదు, గల్లీ చూడండి!

చంటిబిడ్డతో ఇల్లు మారుతున్నారా? ‘సైలెంట్ ఏరియా’ అన్న మాట నమ్మి అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది చదవండి.

‘ప్రశాంతమైన వాతావరణం, ఫ్యామిలీస్‌కి మాత్రమే’. ఫ్లాట్ అద్దెకిచ్చే ఏ ప్రకటన చూసినా ఈ మాట కనిపిస్తుంది. ఫ్లైఓవర్ పక్కనున్న ఫ్లాట్‌కీ ఇదే రాస్తారు, ఫంక్షన్ హాల్ వెనకున్న ఫ్లాట్‌కీ ఇదే రాస్తారు. పెళ్లయిన కొత్తలో దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆఫీస్‌కి దగ్గరా, మెట్రో ఉందా, మంచి బిర్యానీ దొరుకుతుందా... ఇంతే చూసుకుంటారు.

ఇంట్లోకి పాపాయి వచ్చాక లెక్క మారిపోతుంది. గంటసేపు జోకొట్టి పడుకోబెట్టిన బిడ్డ, కింద వెళ్లే బుల్లెట్ బండి మోతకి ఉలిక్కిపడి లేస్తుంది. మళ్లీ మొదటి నుంచి జోల. ఇలా నెల రోజులు గడిచాక ‘ఇల్లు మారిపోదాం’ అన్న మాట ఎవరో ఒకరి నోట రావడం ఖాయం. మరి ఎక్కడికి? హైదరాబాద్‌లో నిశ్శబ్దం ఎక్కడ దొరుకుతుంది? దొరికినా దానికి ఎవరు ఏం చెల్లించాలి? కాస్త నెమ్మదిగా ఆలోచించాల్సిన విషయమే ఇది.

పిల్లలకి అంత తేడా పడుతుందా?

పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 4 నుంచి 11 నెలల పిల్లలు పగలూ రాత్రీ కలిపి రోజుకి 12 నుంచి 16 గంటలు పడుకోవాలి. ఏడాది దాటి రెండేళ్లు నిండేదాకా 11 నుంచి 14 గంటలు కావాలి. అంటే వాళ్ల నిద్రలో కొంత భాగం పట్టపగలే, ఊరంతా హారన్లు కొట్టే టైమ్‌లోనే గడవాలన్నమాట.

నిద్ర ఒక్కటే కాదు, చదువు సంగతీ ఉంది. న్యూయార్క్‌లో హైవే మీదే కట్టిన 32 అంతస్తుల అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. అక్కడి పిల్లల మీద 1973లో ఒక పరిశోధన ఫలితాలు వచ్చాయి. పై అంతస్తుల్లో పెరిగిన పిల్లల కన్నా, ట్రాఫిక్‌కి దగ్గరగా కింది అంతస్తుల్లో పెరిగినవాళ్లు మాటల్లోని చిన్న చిన్న తేడాలు పట్టుకోవడంలో, చదవడంలో వెనకబడ్డారు. నాలుగేళ్లకు పైగా అక్కడే ఉన్న పిల్లల్లో ఈ తేడా స్పష్టంగా కనిపించింది. ఎప్పుడూ మోత వినే చెవి, మోతతో పాటు మాటల్నీ పట్టించుకోవడం మానేస్తుందన్నది పరిశోధకుల ఆలోచన.

ఇందులో మంచి వార్త కూడా ఉంది. జర్మనీలోని మ్యూనిక్‌లో 1992లో పాత విమానాశ్రయం మూసేసి ఊరికి దూరంగా కొత్తది తెరిచారు. కొత్తదాని చుట్టుపక్కల పిల్లల్లో చదివే శక్తి, జ్ఞాపకం దెబ్బతిన్నాయి. పాతదాని దగ్గర పిల్లల్లో మాత్రం మోత ఆగిపోయాక అవే మెరుగుపడ్డాయి. కాబట్టి ‘ఇన్నాళ్లూ ఇక్కడే పెంచామే’ అని బెంగపడక్కర్లేదు. మారినా లాభమే.

పేరు చూసి మోసపోవద్దు

బ్రోకర్‌ని ‘మంచి సైలెంట్ ఏరియా చెప్పండి’ అని అడగ్గానే కొన్ని పేర్లు వరసగా వస్తాయి. సైనిక్‌పురి, వెస్ట్ మారేడ్‌పల్లి, తార్నాక, వనస్థలిపురం, అల్వాల్, బొల్లారం. ఇవన్నీ మంచి పేర్లే. చెట్లున్నాయి, పాత ఇండిపెండెంట్ ఇళ్లున్నాయి, వీధులు కూడా పద్ధతిగానే ఉంటాయి. కానీ పేరు మొత్తానికి కలిపి ఒకే నిశ్శబ్దం ఉండదు.

తార్నాకనే తీసుకోండి. మెయిన్ రోడ్డు మీద బస్సులు, పైన మెట్రో, సిగ్నల్ దగ్గర హారన్లు. అదే స్ట్రీట్ నంబర్ పట్టుకుని లోపలికి నాలుగు ఇళ్లు దాటితే పిచ్చుకల చప్పుడు వినొచ్చు. సైనిక్‌పురి రక్షణ శాఖ ఉద్యోగుల కోసం ఏర్పడ్డ కాలనీ. లోపలి వీధులు ఇప్పటికీ నెమ్మదిగానే ఉంటాయి గానీ, మెయిన్ రోడ్డు వెంట కేఫ్‌లు, రెస్టారెంట్లు వచ్చేశాయి. వీకెండ్ రాత్రుళ్లు అక్కడి పార్కింగ్ పక్క సందుల్లోకి జరుగుతుంది. వనస్థలిపురంలో ఒక వైపు జింకల పార్కు, ఇంకో వైపు విజయవాడ హైవే. అల్వాల్, బొల్లారం వైపు ఇల్లు చూసేవాళ్లు ఆకాశం వైపు కూడా ఓసారి చూడాలి. హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ దగ్గరే, శిక్షణ విమానాలు ఎగిరేది ఎక్కువగా పగటి పూటే. మన పాపాయి పడుకునేదీ అప్పుడే.

తిరగేసి చూస్తే, గోల ఏరియాలుగా పేరు పడ్డ చోట్ల కూడా నిశ్శబ్దం దాక్కుని ఉంటుంది. అమీర్‌పేట అనగానే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు గుర్తొస్తాయి. అయినా లోపల, బండి తిరగడమే కష్టమైన చివరి సందుల్లో మధ్యాహ్నం గోడ గడియారం టిక్కుటిక్కులు వినిపించే ఇళ్లున్నాయి. అందుకే మ్యాప్‌లో ఏరియా పేరు వెతకడం ఆపి గల్లీ వెతకాలి.

గల్లీని చదవడం ఎలా?

ముందు ఒక చిన్న లెక్క. శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. 10 డెసిబెల్స్ పెరిగితే మన చెవికి మోత దాదాపు రెట్టింపు అయినట్టు అనిపిస్తుంది. నిత్యం బండ్లు పారే రోడ్డు నుంచి దూరం రెట్టింపు చేసినా తగ్గేది సుమారు 3 డెసిబెల్సే. అదే మధ్యలో ఒక వరస బిల్డింగులు అడ్డుంటే చాలా ఎక్కువ తగ్గుతుంది. కాబట్టి రోడ్డుకి ఎంత దూరంలో ఉన్నామన్న దాని కన్నా, రోడ్డుకీ మనకీ మధ్య ఏముందన్నదే ముఖ్యం. మెయిన్ రోడ్డుకి 50 మీటర్లలో ఉన్నా, రెండు వరసల ఇళ్ల వెనకున్న ఫ్లాట్ హాయిగా ఉండొచ్చు. 200 మీటర్ల దూరంలో ఉన్నా మధ్యలో అంతా ఖాళీ స్థలమైతే రోడ్డు మోత నేరుగా బెడ్‌రూమ్‌లోకే వస్తుంది.

‘పై ఫ్లోర్ తీసుకుంటే చప్పుడుండదు’ అన్నదీ సగమే నిజం. కింద స్కూటర్లు, కూరగాయల బండి మైకు తగ్గుతాయి. కానీ చుట్టుపక్కల బిల్డింగుల ఎత్తు దాటాక దూరంగా ఉన్న ఫ్లైఓవర్ హోరు, అవుటర్ రింగ్ రోడ్డు మీద లారీల మోత వినిపించడం మొదలవుతుంది. బాల్కనీలో నిలబడి చూడండి. రోడ్డు కంటికి కనిపిస్తే చెవికీ వినిపిస్తుంది.

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ఇవి గమనించండి:

• గల్లీ ఎటు తేలుతుంది? రెండు మెయిన్ రోడ్లని కలిపే సందైతే, ట్రాఫిక్ జామ్ అయిన ప్రతిసారీ ఊరి బండ్లన్నీ అందులోంచే వెళ్తాయి. దారి అక్కడితో ఆగిపోయే గల్లీ అయితే అదృష్టం.

• ఇంటి ముందు స్పీడ్ బ్రేకర్ ఉందా? ప్రతి బండీ అక్కడ బ్రేక్ వేసి, మళ్లీ గేర్ మార్చి రేజ్ చేస్తుంది. ఎత్తెక్కే రోడ్డైనా అంతే.

• బెడ్‌రూమ్ ఎటు వైపు? ఒకే ఫ్లాట్‌లో రోడ్డు వైపు గదికీ వెనక గదికీ 10 డెసిబెల్స్ దాకా తేడా ఉండొచ్చు. హాల్ రోడ్డు వైపున్నా పర్లేదు, పాప పడుకునే గది వెనక ఉండాలి.

• బెడ్‌రూమ్ గోడ అవతల ఏముంది? లిఫ్టా, పక్కవాళ్ల బాత్రూమ్ పైపా? కిటికీ కింద జనరేటరో, నీళ్ల మోటారో, సెల్లార్‌లోకి దిగే ర్యాంపో ఉందా?

• అరకిలోమీటర్ లోపల ఫంక్షన్ హాల్, బార్, వెల్డింగ్ షాప్, బస్ డిపో ఏమైనా ఉన్నాయా? ఫంక్షన్ హాల్ మోత కన్నా పెద్ద సమస్య, బరాత్ వెళ్లే దారి మీ గల్లీయేనా అన్నది.

అన్నిటికన్నా పెద్ద బోను పక్కనున్న ఖాళీ ప్లాటు. ఇవాళ అక్కడ గడ్డి, రెండు మేకలు, బోలెడంత ప్రశాంతత. ఆర్నెల్ల తర్వాత బోరు లారీ, తర్వాత సెంట్రింగ్ సుత్తి, స్లాబ్ రోజు మిక్సర్, ఆపైన టైల్స్ కోసే మిషన్. అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ పూర్తయ్యేసరికి ఏడాదిన్నర, రెండేళ్లు తేలిగ్గా పడుతుంది. సరిగ్గా మీ పాప నడక, మాటలు నేర్చే కాలమంతా అందులోనే పోతుంది. ఎదురుగా పాత డాబా ఇల్లుండి, ముసలివాళ్లు ఖాళీ చేసి తాళం వేశారంటే ‘డెవలప్‌మెంట్‌కి ఇచ్చారా?’ అని అడగండి. ఓనర్ చెప్పకపోవచ్చు. పక్కింటి వాచ్‌మన్ చెప్తాడు, ఇస్త్రీ బండి ఆయన చెప్తాడు. పెద్ద ప్రాజెక్టులైతే తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో వివరాలు ఉంటాయి. కొనేవాళ్లైతే మాస్టర్ ప్లాన్‌లో ఆ గల్లీని పెద్ద రోడ్డుగా చూపించారేమో కూడా చూసుకోవాలి.

మరీ చవగ్గా, మరీ ప్రశాంతంగా, చెరువు పక్కనే దొరికితే ఇంకో ప్రశ్న వేసుకోండి. వానొస్తే ఈ వీధి ఎలా ఉంటుంది? 2020 అక్టోబరు వరదల్లో చెరువుల కిందున్న కాలనీలు ఎలా మునిగాయో నగరం చూసింది. గోడల మీద నీటి మరకలు ఎంత ఎత్తులో ఉన్నాయో గమనిస్తే చాలా విషయాలు తెలుస్తాయి.

ఒక్కసారి చూస్తే సరిపోదు

మనం ఇల్లు చూసేది ఎప్పుడు? ఆదివారం ఉదయం 11 గంటలకి. బ్రోకర్‌కీ ఓనర్‌కీ మనకీ కుదిరే టైమ్ అదే. గల్లీ మొత్తం వారంలో అందరికన్నా మర్యాదగా ఉండే టైమ్ కూడా అదే. అందుకే ఇంకో నాలుగుసార్లు వెళ్లాలి. ఇంట్లోకి వెళ్లక్కర్లేదు, బయట బండి ఆపి పదిహేను నిమిషాలు ఊరికే నిలబడితే చాలు.

వారం మధ్యలో ఉదయం 8 గంటలకి వెళ్లండి. స్కూల్ బస్సులు, చెత్త ఆటో పాట, వాటర్ ట్యాంకర్ అన్నీ తెలుస్తాయి. మధ్యాహ్నం 2 గంటలకి వెళ్తే పాప పడుకునే టైమ్‌లో ఎలా ఉంటుందో అర్థమవుతుంది. శనివారం రాత్రి పదిన్నరకి వెళ్తే ఫంక్షన్ హాలు, డాబా మీద పార్టీలు, కుక్కల సంగతి తేలుతుంది. తెల్లవారుజామున అయిదింటికి ఒక్కసారి. పాల బండ్లు, మోటార్లు, మైకులు మొదలయ్యేది అప్పుడే. మీలో ఒకరు నైట్ షిఫ్ట్ చేసేవాళ్లైతే లెక్క తిరగబడుతుంది. వాళ్లకి పక్కనున్న స్కూల్ గంటే పెద్ద శత్రువు.

ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ వేసుకోండి. అది ల్యాబ్ పరికరమంత కచ్చితం కాదు గానీ, ఒకే ఫోన్‌తో మూడు ఇళ్లు కొలిస్తే ఏది నయమో తెలిసిపోతుంది. కిటికీ తెరిచి ఒకసారి, మూసి ఒకసారి కొలవండి. సగటు ఒక్కటే కాదు, మధ్య మధ్యలో ఎంత ఎత్తుకి ఎగురుతోందో కూడా చూడండి. ఒకే తీరుగా వచ్చే ఫ్యాన్ హోరులో పిల్లలు హాయిగా పడుకుంటారు. నిశ్శబ్దంలో ఉన్నట్టుండి మోగే హారనే వాళ్లని లేపేది.

మరి ఈ ప్రశాంతత ఎవరికి?

ఇంతదాకా చదివాక ‘ఈ తలనొప్పంతా ఎందుకు, ఊరి చివర గేటెడ్ కమ్యూనిటీకి వెళ్లిపోతే పోలా’ అనిపించొచ్చు. కొల్లూరు, తెల్లాపూర్, కోకాపేట వైపు చాలామంది యువ జంటలు అలాగే వెళ్తున్నారు. పార్కు, స్విమ్మింగ్ పూల్, బండ్లు రాని నడక దారి... చూడ్డానికి బాగుంటుంది. కొందరికి నిజంగానే బాగుంటుంది. కానీ అసలు లెక్క వేయాల్సింది ఇక్కడే.

అదనంగా వెళ్లడానికి గంట, రావడానికి గంట పట్టిందనుకుందాం. నెలకి 22 పని దినాలు. అంటే 44 గంటలు రోడ్డు మీదే. పాపాయి రాత్రి ఎనిమిదిన్నరకి పడుకుంటుంది. నాన్న తొమ్మిదికి ఇల్లు చేరతాడు. బిడ్డ కోసమే ప్రశాంతమైన ఇల్లు తీసుకున్నారు. ఆ ఇంట్లో బిడ్డ మెలకువగా ఉండగా నాన్న కనిపించేది శని, ఆదివారాలే. అమ్మ కూడా ఉద్యోగానికి వెళ్తుంటే ఈ లెక్క ఇంకా బరువెక్కుతుంది.

ఇంట్లో ఉండిపోయే మనిషి సంగతి చూడండి. మన ఇళ్లలో ఎక్కువగా అది అమ్మే. పద్నాలుగో అంతస్తు, చేతిలో చంటిబిడ్డ, కారు ఆఫీస్‌కి వెళ్లిపోయింది. గేటు దాకా నడవడానికే ఎనిమిది నిమిషాలు. బయట ఆటో దొరకదు, క్యాబ్ క్యాన్సిల్ చేస్తాడు. పిల్లల డాక్టర్ ఏడు కిలోమీటర్ల దూరం. పుట్టింటి వాళ్లు మలక్‌పేట నుంచి రావాలంటే పండగో, జ్వరమో రావాలి. అక్కడ డెసిబెల్స్ తక్కువే, కాదనం. కానీ రోజంతా ఇంకో పెద్ద మనిషి గొంతు వినపడకపోవడాన్ని ప్రశాంతత అంటామా?

అందుకే ఇల్లు ఖాయం చేసేముందు ఒక పరీక్ష పెట్టుకోండి. మామూలు రోజు మధ్యాహ్నం మూడు గంటలు. బండి లేదు. బిడ్డని ఎత్తుకుని పది నిమిషాలు నడిస్తే ఎక్కడికి వెళ్లగలరు? ఒక కిరాణా కొట్టు, ఒక మెడికల్ షాపు, నీడలో కూర్చునే చిన్న పార్కు, పలకరించే పక్కిల్లు. ఈ నాలుగింట్లో మూడైనా ఉంటే అది పిల్లల్ని పెంచే చోటు. ఒక్కటీ లేకపోతే అది హాలిడే రిసార్ట్. రెండ్రోజులు బాగుంటుంది.

ఇంకో మాట. ఇల్లు చూడ్డానికి వీకెండ్‌లో ఆయన ఒక్కడే వెళ్లి ‘సూపర్‌గా ఉంది’ అని వీడియో పంపితే సరిపోదు. ఆ ఇంట్లో ఎక్కువ గంటలు గడిపేది ఎవరో, చివరి మాట వాళ్లదే కావాలి.

మధ్యే దారి లేదా అంటే ఉంది. ఆఫీస్ రాయదుర్గం, హైటెక్ సిటీ వైపైతే పక్కనే ఇల్లు ఉండాలని లేదు. నాగోలు నుంచి రాయదుర్గం దాకా మెట్రో ఒకటే లైన్. తార్నాక, హబ్సిగూడ లోపలి వీధుల్లో ఉండి, రైలు మారకుండా ఆఫీస్ చేరొచ్చు. ప్రయాణం తక్కువేమీ కాదు. కానీ ఎంతసేపు పడుతుందో ముందే తెలుస్తుంది, సిగ్నల్ దగ్గర చిక్కుకునే పని లేదు. స్టేషన్‌కి నడిచేంత దగ్గరగా, లైన్ వినపడనంత లోపలగా ఉన్న గల్లీ కోసం వెతకండి. అమ్మానాన్నలో, అత్తమామలో ఉన్న ఏరియాకి దగ్గరగా దొరికితే, అద్దె రెండు మూడు వేలు ఎక్కువైనా దండగ కాదు.

రూల్స్ ఏం చెప్తున్నాయి?

ఇల్లు కుదిరాక కూడా మోత వస్తే? శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000 నుంచి అమల్లో ఉన్నాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రంటే 10 నుంచి ఉదయం 6 దాకా. ఆ టైమ్‌లో ఆరుబయట లౌడ్ స్పీకర్లు వాడకూడదు. పండగల పేరుతో అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వాలన్నా ఏడాదికి 15 రోజులకి మించి కుదరదు. ఇళ్ల మధ్య రాత్రి పూట మోత చేసే నిర్మాణ యంత్రాలు కూడా నిషేధమే. హైదరాబాద్ సిటీ పోలీసులు 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేల మీద కూడా నిషేధం పెట్టారు.

కాగితం మీద ఉన్నదంతా గల్లీలో జరగదని మనకి తెలుసు. అయినా డయల్ 100కి ఫోన్ చేసే హక్కు ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు ఒక్కరే చేస్తే పక్కవాళ్లతో మనస్పర్థలు వస్తాయి. కాలనీ అసోసియేషన్ తరఫున వెళ్తే అదే మాటకి బలం వస్తుంది. అడ్వాన్స్ ఇచ్చేముందు అసోసియేషన్ వాళ్లతో ఒక్క అయిదు నిమిషాలు మాట్లాడితే, అది బతికే ఉందో లేదో కూడా తెలుస్తుంది.

ఇప్పుడే మారలేకపోతే?

అందరికీ వెంటనే మారే వీలుండదు. అగ్రిమెంట్ ఉంటుంది, ఈఎంఐ ఉంటుంది. అలాంటప్పుడు గది మార్చండి. రోడ్డు వైపు మాస్టర్ బెడ్‌రూమ్ వదిలేసి వెనకున్న చిన్న గదిని పాపకివ్వండి. మంచాన్ని కిటికీకి దూరంగా, లోపలి గోడ వైపు జరపండి. శబ్దం ఎక్కువగా వచ్చేది సందుల్లోంచే కాబట్టి కిటికీ అంచుల్లో రబ్బర్ బీడింగ్, తలుపు కింద స్ట్రిప్ వేయించండి. దళసరి కర్టెన్ ఒక్కటే వేసి అద్భుతం జరుగుతుందనుకోవద్దు. అది గదిలో గింగురుమనడాన్ని తగ్గిస్తుంది తప్ప హారన్‌ని ఆపలేదు. సొంత ఇల్లైతే సరిగ్గా బిగిసే కిటికీలు, రెండు పొరల అద్దాల మీద పెట్టిన డబ్బు వృథా కాదు.

చివరగా, ఏ చప్పుడూ లేని వీధి కోసం వెతక్కండి. అది దొరకదు, దొరికినా పిల్లలకి పనికిరాదు. సాయంత్రం అయిదింటికి నలుగురు పిల్లలు సైకిళ్లు తొక్కుతూ అరిచే గల్లీ కావాలి. రాత్రి పదింటికి ఆ గల్లీయే నిద్రపోవాలి. ఆ అరుపుల్లో మీ పాప గొంతు కూడా కలిసే రోజు వస్తుంది. అప్పుడు కింది ఫ్లాట్‌లోకి ఇంకో చంటిబిడ్డతో కొత్త జంట దిగితే, మన పాపకి గంతులు తగ్గించమని చెప్పాల్సింది మనమే!